చెవిటి మాస్టారి స్పానిష్

మంజులత నోరు తెరిస్తే వినపడేది నా గొంతు. ఈ మాట నేనే చెప్పుకుంటే సొంత డబ్బా అంటారు గానీ, ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ థియేటర్ల చుట్టూ తిరిగే ఎవరినైనా అడగండి. ఆ అమ్మాయిది మంగుళూరు. తెలుగు ముక్క రాదు. సెట్లో హీరో కళ్ళల్లోకి చూస్తూ, కన్నీళ్ళు పెట్టుకుని మరీ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని అంకెలు చెప్పేది. ఆ పెదవులు ఎక్కడ తెరుచుకున్నాయో, ఎక్కడ మూసుకున్నాయో చూసి, వాటికి సరిపోయే మాటల్ని చీకటి గదిలో మైకు ముందు నిలబడి నేను చెప్పేదాన్ని. ఎనభైల మొదట్లో మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వచ్చిన దగ్గర్నుంచి నా బతుకు అదే. ఆమెను నేను తెరమీద తప్ప చూడలేదు. నన్ను ఆమె అసలు చూడలేదు.

షేక్‌పేటలో వీరయ్య కిరాణా కొట్టు ఉంది. నేను వెనకనుంచి "కందిపప్పు ఉందా?" అనగానే అతను చేతిలో తక్కెడ వదిలేసేవాడు. "మంజులతమ్మ వచ్చింది! జరుగుండ్రి, జర జరుగుండ్రి!" అని కేకలు పెట్టేవాడు. నా మొహం చూసి ఎవరూ తల తిప్పిన పాపాన పోలేదు గానీ, నా గొంతు వింటే మాత్రం కొట్టంతా వెనక్కి తిరిగేది. నాకది ఇష్టం. సిగ్గెందుకు, చాలా ఇష్టం. ఇంట్లో పప్పు నిండుగా ఉన్నా సరే వెళ్ళి అడిగొచ్చేదాన్ని.

తొంభై ఒకటిలో నా గొంతులో చిన్న కండ పెరిగింది. ప్రమాదమేమీ లేదు, కానీ తీసేయాలన్నారు. తీసేస్తే గొంతు మారొచ్చని కూడా డాక్టరుగారు ముందే చెప్పారు, ఆయన్ని అనడానికేం లేదు. మారింది. పైస్థాయికి వెళ్ళబోతే చీలిపోయేది, కిందికి దిగితే గరగరలాడేది. ఆ ఏడే మంజులత కూడా పెళ్ళి చేసుకుని సినిమాలు మానేసి మంగుళూరు వెళ్ళిపోయింది. ఇద్దరం ఒక్కసారే మాయమయ్యాం కాబట్టి నన్ను ఎవరూ వెతకలేదు.

మా ఆయన రామకృష్ణ ఎడిటింగ్ రూంలో పనిచేస్తారు. పాపం మంచివారు. "నీ గొంతుకేమైందే లీలా, బానే ఉంది" అన్నారు ఒకరోజు. మంచినీళ్ళ గ్లాసు విసిరికొట్టాను. ఆయన మీదకి కాదు, గోడ మీదకే. కానీ ఆ తర్వాత వీరయ్య కొట్టుకి వెళ్ళినప్పుడు మాత్రం ఏమీ విసరలేకపోయాను. "కందిపప్పు ఉందా?" అన్నాను. అతను తలెత్తకుండా, మరొకరి బెల్లం పొట్లం కడుతూ, "ఏం కావాలమ్మా?" అన్నాడు. ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇక అప్పట్నుంచి బయట నోరు విప్పడం మానేశాను. సరుకులన్నీ అనసూయమ్మ తెచ్చేది.

అనసూయమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. షేక్‌పేట మనిషి. గొంతు సాధన కోసం రోజూ ఏదైనా పైకి చదవమన్నారు డాక్టరుగారు. పేపరు తీసి చదవబోతే, ప్రతి వాక్యం వెనకా నా పాత గొంతు చెవిలో మోగేది. దాని పక్కన ఈ కొత్తది వింటే ఒళ్ళు మండిపోయేది. పేపరు చింపేశాను. అనసూయమ్మ ముక్కలు ఏరుతూ అంది: "గట్ల కోపం చేస్తే ఎట్లమ్మా? నేను పైన గుట్టమీద పట్టాభి సారు ఇంట్ల కూడ చేస్త గద. ఆయన రోజూ గోడతోటి ఏందో తురకం గాదు, ఇంగ్లీషు గాదు, గదేందో స్పానిషంట, అది మాట్లాడుతడు. నేర్చుకునేటోళ్ళు ఎవరన్న ఉంటే తోల్కరమ్మన్నడు. పోయి కూసోరాదు?"

నేను చెయ్యి ఊపాను, వద్దని.

"ఆయనకు పూరా చెవుడు," అంది అనసూయమ్మ.

మర్నాడు వెళ్ళాను.

పట్టాభిరామయ్యగారిది భీమిలి. జీవితమంతా సరుకు ఓడల్లో ఇంజన్ గదిలో పనిచేశారు. ఆ మోతకే చెవులు పోయాయి. జూబ్లీ హిల్స్‌లో ఇంకా ఎవరూ ఇళ్ళు కట్టని రోజుల్లో కొండరాళ్ళ మధ్య చిన్న ఇల్లు కట్టుకున్నారట. ఇప్పుడు చుట్టూ సినిమా వాళ్ళ మేడలు లేచాయి గానీ, ఆయన వరండా ముందు మాత్రం నల్లటి బండలు అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండలో ఆ బండలమీద గాలి వణుకుతూ ఉంటుంది. ఎక్కడో నెమలి అరుస్తుంది. అక్కడ కూర్చుంటే కింద ఫిల్మ్ నగర్‌లో హారన్లు కూడా నీళ్ళలోంచి విన్నట్టు వినపడేవి.

"రా అమ్మా, రా! నా ఎదురుగా కూర్చో! పక్కకి తిరిగి మాట్లాడకు, నాకు నీ పెదవులు కనపడాలి!" అని అరిచారు. చెవిటివాళ్ళు అరుస్తారు కదా. పైన కాకులు లేచిపోయాయి.

నాకు నవ్వొచ్చింది. పదేళ్ళు నేను ఒకమ్మాయి పెదవులు చూసి బతికాను. ఇప్పుడొక ముసలాయన నా పెదవులు చూస్తానంటున్నారు.

బల్లమీద ఎర్ర అట్ట పుస్తకం చూపించారు. "లీబ్రో రోహో! ఎర్ర పుస్తకం. లీబ్రో మగవాడు, అందుకని రోహో. నా నోరు చూడు, గుండ్రంగా ఉందా?" కుండీలో మందారం చూపించారు. "ఫ్లోర్ రోహా! పువ్వు ఆడది. అందుకని రోహా. నోరు తెరుచుకుంది చూశావా? రెండు పువ్వులైతే ఫ్లోరెస్ రోహాస్. పువ్వులు ఎన్ని ఉంటే ఎరుపులూ అన్ని ఉండాలి!"

"పుస్తకం మగాడేంటండీ? ఎవరు చూసొచ్చారు?" అన్నాను. అన్నాక గానీ తెలీలేదు, నేను పైకి మాట్లాడానని. గొంతు మధ్యలో చీలింది. ఆ చీలిక ఆయనకి తెలియనే లేదు. నా పెదవుల్నే చూస్తూ పడీపడీ నవ్వారు.

"నేనూ అదే అడిగాను బ్యూనస్ ఎయిర్స్ రేవులో! కళాసీ ఒకడు కొట్టబోయాడు! చూడమ్మా, మన తెలుగులో 'ఎర్ర' అనేది ముందే వచ్చి కుర్చీ వేసుక్కూర్చుంటుంది. వెనక ఎవరొచ్చినా లేవదు. ఎర్ర కారు, ఎర్ర చీర, ఎర్ర మందారాలు. దానికేం పట్టదు. అక్కడలా కాదు. ముందు చీర కొనాలి. దాన్ని మ్యాచింగ్ సెంటర్‌కి పట్టుకెళ్ళి, పక్కన పెట్టి చూసుకుని, అప్పుడు జాకెట్టు ముక్క తీసుకోవాలి. ముందు పేరు, తర్వాత వర్ణన. తెలిసిందా?"

తెలియకేం. నా ఉద్యోగమే అది.

అలా మొదలైంది. భోజనాలయ్యాక గొడుగేసుకుని గుట్టెక్కడం, వరండాలో ఆయన ఎదురుగా కూర్చోవడం. కనపడినవన్నీ జతలు కట్టేవాళ్ళం. నల్ల బండ, పియెద్రా నేగ్రా. నల్ల బండలు, పియెద్రాస్ నేగ్రాస్. ఎదురింటి వాళ్ళ నల్ల కుక్క, పెర్రో నేగ్రో. చివర 'ఓ' అంటే పెదవులు చుట్టుకుంటాయి, 'ఆ' అంటే విచ్చుకుంటాయి. ఆయన అది చూసే తప్పో ఒప్పో చెప్పేసేవారు. నా గొంతు ఎన్ని ముక్కలైనా ఆయనకి అక్కర్లేదు. స్పానిష్‌లో నా పాత గొంతు ఎవరూ వినలేదు, నేను కూడా వినలేదు. పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేదు. ఆ హాయి ఎలా చెప్పను? ఎండలో తిరిగొచ్చి గచ్చు మీద వెల్లకిలా పడుకున్నట్టు ఉండేది.

ఇంటికొచ్చి కునుకు తీస్తే కలల్లో కూడా జతలే. బండల మధ్య దారిలో పేర్లన్నీ వరసగా దిగుతున్నాయి. ఒక్కోదాని వెనకా దాని వర్ణన, హీరోయిన్ వెనక హెయిర్‌డ్రెస్సర్ గొడుగు పట్టుకుని నడిచినట్టు, ఆగితే ఆగుతూ తిరిగితే తిరుగుతూ వస్తోంది. తెల్ల ఇళ్ళు వెళ్ళాయి, ఎర్ర పూలు వెళ్ళాయి, పొడుగు వానలు వెళ్ళాయి. ఒక వర్ణన మాత్రం ఏ పేరు వెనకా పోకుండా తుమ్మచెట్టు కింద నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది నా చీరే కట్టుకుంది. మెలకువ వచ్చాక చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

ఒకరోజు మాస్టారు తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, "బోస్" అన్నారు. "బోస్ అంటే గొంతు. నా గొంతు బొంగురు. రోంకో, రోంకా, ఏదంటావు?"

"బోస్ రోంకో," అన్నాను ఠక్కున. మగమనిషి గొంతు కదా.

"తప్పు! ఎందుకలా అన్నావు?"

"మీది కదా మాస్టారూ."

"నాదైతే ఏం? గొంతు ఎవరిదైనా ఆడదే. మీసాలవాడిదైనా బోస్ రోంకా. జాకెట్టు చీరకి కట్టాలి గానీ, చీర కొనిపెట్టిన మొగుడికి కడతావా?"

మా డబ్బింగ్ వాళ్ళం తప్ప ఇంకెవరూ ఈ తప్పు చెయ్యరేమో. గొంతు అనగానే మాకు ముందొచ్చే ప్రశ్న "ఎవరికి?" అని. ఎవరికి చెబుతున్నావు, మంజులతకా, ఇంకొకరికా? ఆ మొహం ఏదో తేలాకే గొంతు గురించి మాట్లాడతాం. గొంతుకి తన లెక్క తనకి ఉంటుందని నాకు తట్టనే లేదు.

"సరే, ఇప్పుడు నీ గొంతు," అన్నారాయన. "ఏదైనా ఒక వర్ణన పెట్టు."

"బోస్ రోతా," అన్నాను. పగిలిన గొంతు.

"సరిగ్గా చెప్పావు!" అని చప్పట్లు కొట్టారు. "జత కుదిరింది! బోస్ రోతా! ఇంకోటి? బోస్ బాహా, మెల్లని గొంతు. బోస్ నుఏవా, కొత్త గొంతు. చెప్పు, చెప్పు!"

నాకెంత కోపమొచ్చిందో! పగిలిపోయిందని నేను చెబుతుంటే ఈ మనిషి చప్పట్లు కొడతాడేంటి? "మీకేం తెలుసండీ నా గొంతెలా ఉండేదో! మీరు విన్నారా? లోకమంతా విన్నది, మీరొక్కరే వినలేదు!" అని గొంతు చించుకుని అరిచి, గొడుగు కూడా మర్చిపోయి గుట్ట దిగొచ్చేశాను. తీరా దిగాక ఏడుపొచ్చింది. చెవిటివాడి మీద వినలేదని కోప్పడింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కొన్నాళ్ళు వెళ్ళలేదు. అనసూయమ్మ గొడుగు తెచ్చి మూలన పెట్టి, చీపురు పట్టుకుని నిలబడింది. "సారు గోడతోటి కూడ మాట్లాడుత లేడమ్మా. కుర్చీ ఏసుకొని తొవ్వ దిక్కు చూస్కుంట కూసుంటుండు. ఏమంటివో ఏమో."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. బండలు తడిసి ఇంకా నల్లబడ్డాయి. ఆయన నా కుర్చీ లాగి ఎదురుగా వేశారు. నేను కూర్చుని, ఆయనకి కనపడేలా, "బోస్ నుఏవా," అన్నాను. క్షమించమనడం నాకు చేతకాదు, అదే నా క్షమాపణ.

వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. స్పానిష్ మధ్యలో తెలుగు ఎప్పుడు దూరిందో గమనించలేదు. ఆయన ఓడ కబుర్లకి నేను ఎదురు ప్రశ్నలు వేసేదాన్ని, అనసూయమ్మని ఏడిపించేదాన్ని, టీలో పంచదార ఎక్కువైందని దెబ్బలాడేదాన్ని. ఆ వరండాలో నా గొంతు నాకు అలవాటైంది. కానీ గుట్ట దిగాక మళ్ళీ నోరు కట్టుకునేదాన్ని. ఆ మధ్య ఒకటి రెండు కంపెనీలు కబురు పెట్టినా వెళ్ళలేదు. మైకు ముందు నిలబడాలని ఉండేది. నిలబడితే అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారని భయం.

తొంభై మూడు వేసవిలో త్రినాథరావుగారు ఇంటికొచ్చారు. డబ్బింగ్ అంతా ఆయనే దగ్గరుండి చేయిస్తారు. నన్ను మైకు ముందు నిలబెట్టింది కూడా ఆయనే.

"మంజులత మళ్ళీ వచ్చిందమ్మా," అన్నారు. "ఈసారి హీరోయిన్ కాదు, హీరోకి వదిన. పిల్లల తల్లి వేషం. అంకెలు మానేసి, మాటలే నేర్చుకుని పలికింది. ముగ్గురమ్మాయిల చేత చెప్పించాను. ముగ్గురూ అచ్చం నీ గొంతే దింపేశారు. ఏం లాభం, అతకట్లేదు. నువ్వొచ్చి వాళ్ళకి కాస్త నేర్పాలి."

నా గొంతు ఎలా ఉండాలో వేరేవాళ్ళకి నేను నేర్పాలట. తలుపు వేసేద్దామనుకున్నాను. కానీ మంజులత మొహం చూడాలనిపించింది. రెండేళ్ళయింది మరి.

థియేటర్లో ఎప్పటి చీకటే, ఎప్పటి పాత తివాచీ వాసనే. లూప్ వేశారు. అంటే ఆ చిన్న ముక్క ఫిల్మునే చుట్టకట్టి, డైలాగు కుదిరేదాకా తిప్పుతూ ఉంటారు. వదిన గుమ్మంలో నిలబడి, ఇల్లొదిలి వెళ్తున్న మరిదితో మాట్లాడుతోంది. మైకు దగ్గర అమ్మాయి చెప్పింది. చిలక పలికినట్టు, తేనెలో ముంచి తీసినట్టు, అచ్చం నా పాత గొంతు. తర్వాత తెర వైపు చూశాను.

మంజులత మారిపోయింది. కళ్ళ కింద నీడలు. బుగ్గలు జారాయి. నవ్వబోయి ఆగిపోయే పెదవులు. ఆ పెదవుల్లోంచి ఆ పద్దెనిమిదేళ్ళ గొంతు వస్తుంటే, చిన్నప్పటి గౌను తొడుక్కున్న అమ్మలా ఉంది. నా గొంతు బావుంది. కానీ అది ఇప్పుడు ఈ మనిషిది కాదు.

ముక్క తిరిగొచ్చింది. ఈసారి ఆ అమ్మాయి మంచినీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళింది. తెరమీద మంజులత శబ్దం లేకుండా పెదవులు కదుపుతోంది. పెదవులు చుట్టుకున్నాయి, విచ్చుకున్నాయి. నాకు తెలియకుండానే లేచి మైకు దగ్గరికి నడిచాను. "వెళ్ళు. ఆకలేస్తే మాత్రం రా. అలిగి ఎక్కడా పస్తుండకు," అన్నాను. "రా" దగ్గర గొంతు చీలింది. తెరమీద అక్కడే ఆమె గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది.

రికార్డింగ్ గది అద్దం వెనక ఎవరూ మాట్లాడలేదు. అయిపోయింది, ఇప్పుడు మొహాలు చూసుకుంటున్నారు అనుకున్నాను. పర్సు తీసుకుని వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను.

స్పీకర్లో త్రినాథరావుగారి మాట వినపడింది. నాతో కాదు, ప్రొజెక్టర్ అతనితో. "తర్వాతి లూప్ వెయ్యి."

ఇరవై ఏళ్ళలో ఆయన ఎవరినీ బావుందని అనలేదు. తర్వాతి లూప్ వెయ్యమంటే బావుందని. నేను పర్సు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, తెర వైపు తిరిగాను.

సినిమా విడుదలయ్యాక మాస్టారిని మ్యాట్నీకి తీసుకెళ్ళాను, అనసూయమ్మని కూడా. ఏం సినిమానో, నాకూ దానికీ ఏం సంబంధమో ఆయనకి చెప్పలేదు. పాటలొస్తే ఆయన నిద్రపోయారు. వదిన గుమ్మంలోకి వచ్చేసరికి అనసూయమ్మ మోచేత్తో పొడిచి లేపింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరమీద పెదవులు చూశారు. ముందుకి వంగి చూశారు. తర్వాత హాలంతా మారుమోగేలా అరిచారు: "లీలమ్మా! ఆ అమ్మాయి అచ్చం నీలాగే మాట్లాడుతోందే!"

నాలుగు వైపుల నుంచీ "ష్, ష్" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. పదేళ్ళు నేను ఆమె పెదవులకి సరిపోతే చాలనుకున్నాను. చూసి చూసి నా పెదవులకీ అదే కదలిక అలవాటైపోయిందేమో. నా గొంతు ఒక్కసారి కూడా వినని మనిషి, ఆమె పెదవుల్లో నన్ను పోల్చుకున్నారు. ఆయన మొహం నా వైపు తిప్పుకున్నాను, నా పెదవులు కనపడేలా.

"నేనే మాస్టారూ!" అన్నాను.

ముందు వరసలో ఒకావిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. తెర వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. చేతిలో పాప్‌కార్న్ పొట్లం వంగిపోయి గింజలు ఒళ్ళో పడుతున్నా ఆవిడకి పట్టలేదు.

"ఏం కావాలమ్మా?" వీరయ్య అడిగిన మాటే అడిగాను, కావాలనే ఇంకాస్త గట్టిగా.